ఎవరెవరి పేర్లు రాయాలి?

2006 వేసవిలో మా అక్క హైదరాబాదులో మా ఇంటికి వచ్చేసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. తెనాలి దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక బ్యాగు, ఇద్దరు ఆడపిల్లలతో రాత్రి బస్సెక్కి వచ్చింది. నాకప్పుడే ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలయ్యాయి. నాలుగైదు రోజులు చూసి నాన్న తనకి తెలిసిన ఒక లాయరుగారిని ఇంటికి పిలిచారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, తెల్లకాగితం తీసి, "చెప్పమ్మా, ఎవరెవరి పేర్లు రాయాలి?" అని అడిగారు.

భర్త పేరు అడిగారు. అక్క చెప్పింది. అత్తగారి పేరు అడిగారు. అక్క మా అమ్మమ్మ పేరు చెప్పింది. "ఆడపడుచులు ఉన్నారా?" అన్నారు. అక్క తలెత్తి చూసింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ టీ కప్పులతో హాల్లోకి వచ్చింది.

మాది మేనరికాల కుటుంబం. అక్కని మా చివరి మేనమామకే ఇచ్చారు. అంటే అక్క భర్త తన తల్లికి స్వయానా తమ్ముడు. అత్తగారేమో అమ్మమ్మ. ఇక ఆడపడుచులు ఇద్దరు. ఒకరు అక్కని కన్నతల్లి, అంటే మా పెద్దమ్మ. ఇంకొకరు పిన్ని, అంటే మా అమ్మ. లాయరుగారు కాసేపు పెన్ను పట్టుకుని ఆగిపోయారు. తర్వాత టీ తాగి, "మీలో మీరు ఒకసారి మాట్లాడుకోండి" అని వెళ్ళిపోయారు. కేసు పెట్టలేదు.

ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. భార్యని హింసించిన కేసులో ఎవరిని ముద్దాయి చేయవచ్చు? ఈ మాట ఎవరిని అడిగినా "అత్తింటివాళ్ళని" అంటారు. నేను లాయరుని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఈ మధ్య కొన్ని నెలలుగా రాత్రిపూట ఆ సెక్షనూ, దాని మీద వచ్చిన తీర్పులూ చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ రోజు లాయరుగారి పెన్ను ఆగిన చోటే మన కోర్టులు కూడా నలభై ఏళ్ళుగా ఆగి ఆగి నడుస్తున్నాయి.

*

ముందు చట్టం లేని రోజుల సంగతి. 1860 నాటి శిక్షాస్మృతిలో కొట్టడం, గాయపరచడం, బెదిరించడం అన్నీ నేరాలే, ఎవరు చేసినా. భర్తకి మినహాయింపేమీ రాయలేదు. కానీ ఇంట్లో జరిగేది ఎవరికీ నేరంగా కనిపించలేదు. కట్నం సంగతి వేరేగా మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంతంగా ఒక వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. 1961లో కేంద్ర చట్టం వచ్చి, దాన్నీ 1950 నాటి బీహారు చట్టాన్నీ రద్దు చేసి, దేశానికంతా ఒకే చట్టం పెట్టింది. అందులో కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. అంటే పిల్ల తండ్రి కూడా నేరస్తుడే. ఫిర్యాదు చేయాల్సిన మనిషినే నేరస్తుల్లో చేర్చాక ఇంక ఫిర్యాదు చేసేదెవరు?

1970ల చివర ఢిల్లీలో కొత్త కోడళ్ళు కాలిపోవడం వార్తల్లోకెక్కింది. కిరసనాయిలు స్టవ్వు పేలిందని, చీర అంటుకుందని, ప్రమాదమని రాసుకుని పోలీసులు ఫైళ్ళు మూసేసేవారు. 1979లో మహిళా సంఘాలు ఆ ఇళ్ళ ముందే ఊరేగింపులు చేశాయి. హైదరాబాదులో 1978లో మొదలైన స్త్రీ శక్తి సంఘటన కూడా వరకట్న మరణాల మీద పనిచేసింది. ప్రమాదం కాదు హత్య అని అరవడం ఒక ఎత్తు. అసలు చావుకి ముందు నెలలూ ఏళ్ళూ జరిగినదానికి ఒక పేరు పెట్టడం ఇంకో ఎత్తు. చనిపోయే దాకా ఆగకుండా, బతికి ఉండగానే పనికొచ్చే సెక్షన్ కావాలి.

అలా 1983లో పార్లమెంటు 46వ నంబరు చట్టంతో శిక్షాస్మృతిలోకి 498ఎ తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక స్త్రీకి భర్త గానీ, భర్త బంధువు గానీ అయ్యుండి ఆమెని క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. క్రూరత్వం అంటే ఏమిటో కింద వివరించారు. ఆత్మహత్యకి పురిగొల్పే, లేదా ప్రాణానికో, అవయవానికో, శారీరక, మానసిక ఆరోగ్యానికో తీవ్రమైన హాని చేసే ప్రవర్తన ఒకటి. డబ్బూ ఆస్తీ తెమ్మని వేధించడం రెండోది. మానసిక ఆరోగ్యం అనే మాట 1983లోనే మన క్రిమినల్ చట్టంలో ఉందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను.

క్రూరత్వానికి అంత వివరంగా అర్థం రాసినవాళ్ళు 'బంధువు' అనే మాటకి మాత్రం అర్థం రాయలేదు. మా భాషలో చెప్పాలంటే అది డిఫైన్ చేయకుండా వాడేసిన వేరియబుల్. ప్రోగ్రామైతే అక్కడే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. చట్టం ఆగదు. ప్రతి పోలీస్ స్టేషనులోనూ రైటర్ తనకి తోచిన అర్థంతో దాన్ని నడిపిస్తాడు.

విచిత్రమేమిటంటే, అదే 1983 చట్టం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 198ఎ అని ఇంకో సెక్షన్ చేర్చింది. బాధితురాలి తరఫున కోర్టుకి ఎవరు ఫిర్యాదు చేయవచ్చో అది చెబుతుంది. ఆమె స్వయంగా చేయవచ్చు. తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు చేయవచ్చు. రక్తం వల్ల గానీ, పెళ్ళి వల్ల గానీ, దత్తత వల్ల గానీ బంధువైన మరెవరైనా కోర్టు అనుమతి తీసుకుని చేయవచ్చు. ఫిర్యాదు చేసేవాళ్ళ జాబితా ఇంత స్పష్టంగా ఉంది. ముద్దాయిల జాబితాలో మాత్రం ఉన్నది ఒక్కటే మాట.

ఈ రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టుకుని మా ఇంటికి అన్వయించి చూశాను. మా పెద్దమ్మ అక్కకి తల్లి కాబట్టి ఫిర్యాదు చేయవచ్చు, భర్తకి అక్క కాబట్టి ముద్దాయి కూడా కావచ్చు. మా అమ్మదీ అదే స్థితి. అన్నిటికంటే పెద్ద చిక్కు మామయ్యతో. అక్కకి 'తల్లి తోబుట్టువు' కాబట్టి, కాగితం మీద చూస్తే, మామయ్య కూడా తన మీద తానే ఫిర్యాదు చేయవచ్చు. కంప్యూటర్ సైన్సులో చెట్టు వేరు, గ్రాఫ్ వేరు. చెట్టులో ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి ఒకే దారి ఉంటుంది. గ్రాఫులో చుట్టు తిరిగి మళ్ళీ మొదటికే రావచ్చు. చట్టం రాసినవాళ్ళు కుటుంబాన్ని చెట్టనుకున్నారు. పుట్టిల్లు ఇటు, అత్తిల్లు అటు, మధ్యలో ఒక గోడ. మేనమామ బిడ్డనైనా చేసుకోని ఉత్తరాది పద్ధతికి ఆ బొమ్మ సరిపోతుంది. మేనమామకి పిల్లనిచ్చే మన ఊళ్ళలో ఆ గోడ లేదు. హిందూ వివాహ చట్టంలో మేనమామ, మేనకోడళ్ళది నిషిద్ధ సంబంధమే అయినా, ఆచారం ఉన్నచోట చెల్లుతుందన్న మినహాయింపు కింద ఇలాంటి పెళ్ళిళ్ళు సాగాయి.

*

ఆ నిర్వచించని మాటకి అర్థం చెప్పే పని కోర్టుల మీద పడింది. మొదట 'భర్త' అన్న మాట దగ్గరే తగాదా వచ్చింది. పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో, కట్నం వేధింపులతో విషం మింగిన స్త్రీ తరఫున కేసు నడుస్తుంటే, ముద్దాయి వింత వాదన చేశాడు. నాకు అప్పటికే పెళ్ళయింది, మొదటి భార్య బతికే ఉంది, కాబట్టి ఈ పెళ్ళి చెల్లదు, చెల్లదు కాబట్టి నేను ఈమెకి భర్తని కాను, కాను కాబట్టి 498ఎ నాకు వర్తించదు. ఒక నేరాన్ని అడ్డం పెట్టుకుని ఇంకో నేరం నుంచి తప్పించుకోవడమన్నమాట. 2004లో జస్టిస్ అరిజిత్ పసాయత్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. భర్తనని చెప్పుకుని, భర్తగా చలామణీ అయ్యి హింసించినవాడు ఈ సెక్షన్ అవసరాల మేరకు భర్తే అంది. 2009లో ఆంధ్రప్రదేశ్ నుంచి అలాంటి కేసే వెళ్తే అదే మాట చెప్పింది.

ఇక్కడ కోర్టు చేసిన పని నాకు నచ్చింది. హోదాని కాదు, ఆ హోదాతో మనిషి ఏం చేశాడన్నది చూసింది.

కానీ అదే 2009లో 'బంధువు' దగ్గరికి వచ్చేసరికి దారి మారింది. తమిళనాడు కేసు. భర్తతో సంబంధం ఉందన్న స్త్రీని కూడా ముద్దాయిగా చేర్చారు. స్నేహితురాలు గానీ, ఉంపుడుగత్తె గానీ 'బంధువు' కాలేదని సుప్రీంకోర్టు తేల్చింది. బంధుత్వమనేది ఒక హోదా, అది రక్తం వల్లో, పెళ్ళి వల్లో, దత్తత వల్లో రావాలంది. 198ఎలో ఫిర్యాదు చేసేవాళ్ళకి వాడిన మూడు మాటలే ఇప్పుడు ముద్దాయిలకీ కొలమానమయ్యాయి. మరుసటి సంవత్సరం, దత్తత లేకుండా ఆ ఇంట్లో పెరిగి భర్తకి సోదరి వరసైన స్త్రీ విషయంలోనూ ఇదే కొలత వాడి, ఆమె బంధువు కాదన్నారు.

వరకట్న మరణాలకి 1986లో చేర్చిన 304బిలోనూ 'భర్త లేదా భర్త బంధువు' అన్న మాటలే ఉన్నాయి. 2014లో పంజాబ్ కేసొకటి. చనిపోయిన అమ్మాయి భర్తకి పిన్ని వరసయ్యే ఆవిడ సోదరుడు బంధువా, కాడా? కాడంది సుప్రీంకోర్టు. తప్పు చేసి ఉంటే ఆత్మహత్యకి ప్రేరేపించడం లాంటి వేరే సెక్షన్ల కింద విచారించుకోవచ్చంది. ఇది చదివి నవ్వొచ్చింది. పిన్ని తమ్ముడు మనకి ఏమవుతాడు? మామయ్య వరస! పెళ్ళిలో అలిగితే బతిమాలాల్సిన మనిషి. తెలుగులో వరస లేని మనిషంటూ ఉండడు. పక్కింటి ఆవిడ అత్తయ్య, పాలు పోసే ఆయన బాబాయి. మన నాలుక మీద బంధువు అన్న మాటకి హద్దు లేదు. కోర్టు హద్దు గీయక తప్పదు. జైలుకి పంపే చట్టంలో మాటని సాగదీయకూడదన్న సూత్రం సరైనదే, నేను కాదనను. కానీ ఆ హద్దుకి లోపల ఉండిపోయినవాళ్ళ సంగతేమిటి?

*

లోపల ఉన్నవాళ్ళు చాలా ఎక్కువైపోయారు. 2010లో రాంచీ నుంచి వచ్చిన కేసులో భార్యాభర్తలు ఉండేది ముంబయిలో. ముద్దాయిలుగా చేర్చిన ఆడపడుచుకి పెళ్ళయి గుజరాత్‌లో ఉంటోంది. మరిది మహారాష్ట్రలోని గోరెగావ్‌లో ఉంటున్నాడు. వాళ్ళ మీద కేసు కొట్టేస్తూ, ఈ సెక్షన్ని మళ్ళీ ఒకసారి పరిశీలించమని సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని కోరింది. 2012లో లా కమిషన్ తన 243వ నివేదికలో జవాబిచ్చింది. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు మన జస్టిస్ పి.వి.రెడ్డి. సెక్షన్ ఉండాలి, బెయిలు దొరకని నేరంగానే ఉండాలి, కానీ కోర్టు అనుమతితో రాజీకి వీలుండాలి అన్నది దాని సారాంశం.

2014 జూలై 2న వచ్చిన అర్నేశ్ కుమార్ తీర్పులో కొన్ని అంకెలున్నాయి. 2012లో దేశమంతా 498ఎ కింద అరెస్టయినవాళ్ళు 1,97,762 మంది. వాళ్ళలో ఆడవాళ్ళు 47,951 మంది. నూటికి 93.6 కేసుల్లో ఛార్జిషీటు పడింది, శిక్ష పడింది 15 శాతంలోనే. మంచం పట్టిన తాతలూ అమ్మమ్మలూ, దశాబ్దాలుగా విదేశాల్లో ఉన్న ఆడపడుచులూ కూడా అరెస్టవుతున్నారని చెప్పి, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అవసరమని తేల్చుకోకుండా అరెస్టు చేయొద్దని కోర్టు పోలీసులని కట్టడి చేసింది.

ఆ 15 శాతాన్ని చూపించి మిగతావన్నీ దొంగ కేసులే అనేవాళ్ళు మా ఆఫీసులో బోలెడుమంది. ఆ లెక్క నాకు ఒప్పదు. వంటింట్లో జరిగినదానికి సాక్షులెవరు? ఆ ఇంటివాళ్ళే. ఆ ఇంటివాళ్ళు కోర్టు బోనెక్కి ఏం చెబుతారు? శిక్ష పడకపోవడం వేరు, నేరం జరగకపోవడం వేరు. అదే సమయంలో, ఒక్కరి తప్పుకి పదిమంది పేర్లు రాయించడం కూడా నిజమే. భర్త ఒక్కడి పేరే రాస్తే వాళ్ళు దిగిరారని, అందరి పేర్లూ రాస్తే రాజీకొస్తారని సలహా చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ రోజు లాయరుగారు ఆడపడుచుల సంగతి అడిగింది కూడా ఈ అలవాటుతోనే అయ్యుండాలి.

2024 డిసెంబరు 10న తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో జస్టిస్ బి.వి.నాగరత్న ధర్మాసనం భర్త మీదా, అత్తింటివాళ్ళ మీదా కేసు కొట్టేసింది. ఎవరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబసభ్యుల పేర్లన్నీ గంపగుత్తగా రాస్తే కేసు నిలవదంది. నిజంగా హింస పడిన స్త్రీలు నోరు మూసుకోవాలని దీనర్థం కాదనీ అంది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 498ఎ కాస్తా 85, 86 సెక్షన్లయింది. 'బంధువు' అనే మాటకి ఈసారి కూడా అర్థం రాయలేదు.

ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పమనడం న్యాయంగానే ఉంది. బంధుత్వాన్ని బట్టి కాకుండా చేసిన పనిని బట్టి ముద్దాయిని తేల్చాలని నేనూ అనుకుంటాను. కానీ అక్కని ఆ రోజు తేదీలు అడిగితే ఏం చెప్పేది? పసుపు కుంకుమ కింద పెద్దమ్మ ఇస్తానన్న అరెకరం రాసివ్వలేదని మామయ్య తొమ్మిదేళ్ళు సతాయించాడు. అమ్మమ్మ చెయ్యెత్తలేదు. "మనింటి పిల్లవని ఊరుకుంటున్నా, పరాయిపిల్లవైతేనా" అనేది, రోజూ. దానికి తేదీ ఏముంటుంది? ఒక సంక్రాంతికి మేం ఊరెళ్ళినప్పుడు పెరట్లో మామయ్య అక్కని జుట్టు పట్టుకుని ఈడ్చాడు. అమ్మ చూసింది. ఆ రాత్రి అక్క పక్కన కూర్చుని, "సర్దుకుపోవే, వాడి కోపం నీకు తెలీందా" అంది. ఇది క్రూరత్వమా? కాదనుకుంటాను. సాయమా? అది కూడా కాదు.

అక్క మా ఇంటికి వచ్చిన కొన్ని నెలలకే, 2006 అక్టోబరు 26న, గృహహింస చట్టం అమల్లోకి వచ్చింది. అది జైలు కంటే ముందు రక్షణనీ, ఉండటానికి చోటునీ, భరణాన్నీ చూస్తుంది. దాని కొలమానం వేరు. ఒకే ఇంట్లో కలిసి ఉన్నారా, ఉండేవారా అని అడుగుతుంది. రక్తసంబంధమైనా సరే, పెళ్ళి సంబంధమైనా సరే, పెళ్ళి లాంటి సంబంధమైనా సరే. పుట్టిల్లా, అత్తిల్లా అన్న గోడ దానికి లేదు. మొదట ప్రతివాది 'వయోజనుడైన పురుషుడు' అని రాశారు గానీ, 2016లో సుప్రీంకోర్టు ఆ రెండు మాటలూ కొట్టేసింది. మా అమ్మమ్మ అమ్మమ్మా, అత్తగారా అని తేల్చుకోకుండానే అక్క ఆమె మీద ఆ చట్టం కింద అడగగలిగేది. కానీ కలిసి ఉండటం ఒక్కటే కొలతైతే, ఇంకో ఊళ్ళో కూర్చుని ఫోన్లోనే కాపురాన్ని నడిపించే మనుషులు దానికి చిక్కరు.

2019లో ఇంకో తీర్పు వచ్చింది. ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ తను తలదాచుకున్న ఊళ్ళోనే 498ఎ కేసు పెట్టుకోవచ్చని. అది చదువుతుంటే మా హాలు గుర్తొచ్చింది. అక్క తలదాచుకున్న ఇల్లు ఆడపడుచు ఇల్లే.

*

అక్క ఆ తర్వాత రెండు నెలలుండి, పెద్దలు మాట్లాడాక వెనక్కి వెళ్ళింది. 2011లో మళ్ళీ వచ్చేసింది, ఈసారి ఎవరింటికీ కాదు. గుంటూరులో గది అద్దెకు తీసుకుని ఒక స్కూల్లో పనికి చేరింది. అమ్మమ్మ పోయింది. మామయ్య ఊళ్ళోనే ఉన్నాడు.

మొన్న గుంటూరు వెళ్ళినప్పుడు ఈ చదివిందంతా అక్కకి చెప్పాను. కాగితం మీద గ్రాఫ్ కూడా గీసి చూపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓపిగ్గా వింది.

"ఇంతకీ ఆ రోజు లాయరుగారు ఆగకపోతే ఎవరెవరి పేర్లు చెప్పేదానివి?" అని అడిగాను.

"మీ మామయ్య పేరు. అమ్మమ్మ పేరు... ఏమో, చెప్పేదాన్నేమో."

"మా అమ్మ పేరు?"

"పిన్ని పేరెందుకు రాయిస్తానురా ముద్దాయిల్లో? సాక్షుల్లో రాయించేదాన్ని. చూసింది కదా."

అమ్మ వచ్చి చెప్పేదా అని నేను అడగలేదు. అక్క ఇంకో కాయ తీసుకుని, "నీ పేరూ రాయించేదాన్ని. నువ్వూ ఉన్నావుగా పెరట్లో" అంది.

"నాకప్పుడు పద్నాలుగేళ్ళే అక్కా" అన్నాను.

"చూడ్డానికి సరిపోతాయిగా" అంది.